సోలోమియా కొన్న కవచం

మా సార్జెంట్ బొందార్ యుద్ధానికి ముందు ఖార్కివ్‌లో ఇళ్ళ సామాన్లు మార్చే ముఠాకు మేస్త్రీ. పియానోలు, బీరువాలు, ఇనప్పెట్టెలు తొమ్మిదో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దింపించిన మనిషి. ఆ ముఠాలో ఒక కట్టుబాటు ఉండేదట. భుజాల మీదుగా నడుముకు బిగించుకునే తోలు పట్టీ ఎవడి దగ్గర మంచిది ఉంటే బీరువా బరువువైపు వాడే పట్టాలి. మంచి పట్టీ పెట్టుకుని బరువు తప్పించుకునేవాడిని దొంగ కింద జమకట్టేవాళ్ళు. బొందార్ ఆ కట్టుబాటును ఉన్నదున్నట్టు మా ప్లటూన్‌లోకి తెచ్చాడు. ఎవడి కవచం గట్టిదో వాడి మీద బరువు. ఎవరెన్ని చెప్పినా వినడు.

ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నన్ను తిట్టుకోవడానికి మీకు వీలుగా ఉంటుంది.

నా పేరు యుఖీమ్. పోల్తావా చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి జరిగితే అకార్డియన్ మెళ్ళో వేసుకుని వెళ్ళి, వియ్యాలవారిని ఆటపట్టించి, తాగి పడ్డవాళ్ళను లేపి, తాగనివాళ్ళ చేత తాగించడం నా వృత్తి. సైన్యం నుంచి పిలుపొచ్చినప్పుడు నేను వాయించిన పెళ్ళిళ్ళ జంటలన్నీ చందాలు వేసుకుని నాకొక కవచం కొనిచ్చాయి. వెడల్పాటి భుజాలు, లోపల మెత్తటి దిండ్లు. మొదటిరోజే బొందార్ దాన్ని చూసి నా చుట్టూ రెండుసార్లు తిరిగి, మెషిన్ గన్ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"అకార్డియన్ మోసిన భుజమేగా, ఇదీ మోస్తదిలే," అన్నాడు.

గన్ తొమ్మిది కిలోలు. తూటాల బెల్టులు, వాటి పెట్టెలు, కవచంలోని పలకలు, నీళ్ళు, పార కలిస్తే నలభై దాకా వస్తుంది. బండ్లు ఆగే చోటు నుంచి మా కందకాల దాకా బురదలో ఆరు కిలోమీటర్ల నడక. ఏడు నెలలు మోశాను. ఎనిమిదో నెలలో విశ్రాంతికి వెనక ఊరికి వచ్చినప్పుడు, బూటు లేసు కట్టుకోవడానికి వంగితే నడుములో ఏదో కలుక్కుమంది. అక్కణ్ణుంచి ఎడమ కాలి బొటనవేలి దాకా నిప్పు పాకింది. డాక్టరు ఒక గొట్టం పూతమందు చేతిలో పెట్టి, బరువులెత్తొద్దని చెప్పి, మళ్ళీ ప్లటూన్‌కే పంపాడు.

బొందార్ దగ్గరికి వెళ్ళి చొక్కా ఎత్తి నడుము చూపించాను. ఆయన టీ తాగుతూనే చూశాడు.

"ఏం చూడమంటావ్ రా? పెళ్ళికూతురి నడుమా ఇది?" అన్నాడు. "నీకంటే మంచి కవచం ఉన్నోణ్ణి ఒకణ్ణి చూపించు. గన్ వాడికిచ్చేస్తా. అప్పటిదాకా నోర్మూసుకుని మొయ్యి."

ఆ ముక్క నా బుర్రలో ముల్లులా ఉండిపోయింది.

ఇక మిరోన్. మాదీ అతనిదీ ఒకే ఊరు, పిలుపు కూడా ఒకే వారంలో వచ్చింది. అతని కూతురు జ్లాతాకు చర్చిలో బాప్తిస్మం ఇచ్చినప్పుడు చేతుల్లో ఎత్తుకున్నది నేనే. మాలో అలా ఎత్తుకున్నవాడు పాపకు జ్ఞానతండ్రి, పాప అమ్మానాన్నలకు తోడబుట్టినవాడికన్నా దగ్గరివాడు. ఇక ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. మగవాడు 'కూమ్', పిలిచేటప్పుడు 'కూమె' అంటారు, ఆడమనిషిని 'కూమొ' అంటారు. మిరోన్ భార్య సోలోమియా నా పేరెత్తి పన్నెండేళ్ళయింది.

మిరోన్ ట్రాక్టర్ మెకానిక్. ఆజానుబాహువు, నోట్లో నాలుక లేని మనిషి. సైన్యం ఇచ్చిన పాత కవచమే తొడుక్కునేవాడు. రెండు ఉక్కు పలకలు కుట్టిన సంచి అది, పక్కల తాళ్ళతో ముడి వేసుకోవాలి. దానికి ఒక తూటాల పెట్టె తగిలిస్తే ఒకవైపుకు ఒరిగిపోయేది. అంత పెద్ద మనిషిని చూసి బొందార్‌కు నోరూరింది కానీ, ఆ సంచిని చూసి పెదవి విరిచాడు. కందకాలకు ఎనిమిది కిలోమీటర్ల వెనక ఒక ఊళ్ళో ఉంచి, పికప్ బండ్లు, జనరేటర్లు బాగు చేసే పని ఇచ్చాడు. మిరోన్ అక్కడ బండ్ల కింద పడుకుని హాయిగా ఇంజను నూనె పూసుకునేవాడు. ఆ దరిద్రపు సంచే అతన్ని కాపాడుతోందని మా ప్లటూన్‌లో అందరికీ తెలుసు. సోలోమియాకు తెలీదు. ఫోటోలో దాన్ని చూసినప్పుడల్లా ఆమె ఏడ్చేది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం నేను విశ్రాంతి రోజుల్లో ఉండి, ఒక నేలమాళిగలో చెక్క మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఫోన్ మోగింది. తెర మీద సోలోమియా, నెత్తిన ఉన్ని టోపీ, ముక్కు ఎర్రగా ఉంది.

"కూమె, కనిపిస్తున్నానా? పోల్తావాలో సైనికుల సామాన్ల కొట్లో ఉన్నా. పందులు రెండింటినీ అమ్మేశా. కొనేదాకా మా ఆయనకి చెప్పకు, వద్దంటాడు. కవచం కొంటన్నా."

"కొను కూమొ, తప్పేముంది," అన్నాను.

"రెండు చూపిస్తన్నారు. నాకేం తెలుసు? నువ్వే చెప్పాలి." ఫోన్ అటు తిప్పింది.

బల్ల మీద రెండున్నాయి. మొదటిది పలచనిది, తేలికైనది. సన్న భుజపట్టీలు, ఛాతీకి అతుక్కుని ఉంటుంది. డ్రైవర్లకూ మెకానిక్‌లకూ అదే సరి, బండి కింద దూరినా ఎక్కడా తగులుకోదు. రెండోది బరువు కోసమే పుట్టింది. అరచేయంత వెడల్పు భుజాలు, తుంటి మీద బిగిసే గట్టి నడికట్టు, భుజాల బరువును నడుముకు దించే రెండు బద్దలు వీపులో, తూటాల సంచులు తగిలించుకోవడానికి ముందూ వెనకా వరసలు వరసలుగా కుట్లు. నాదానికన్నా రెండాకులు ఎక్కువ చదివింది.

"మీ ఆయన పని ఏంటో చూసుకోవాలి కదమ్మా," అని కొట్టువాడి గొంతు వినిపించింది. అతనికి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు, బల్ల మీద ఆ చెయ్యి కనిపిస్తోంది. "మెకానిక్ అన్నారు కదా. ఆ రెండోది మెషిన్ గన్ మోసేవాళ్ళది. మెకానిక్‌కి అదెందుకు?"

సోలోమియా మొహం మళ్ళీ తెర మీదికి వచ్చింది. "విన్నావా కూమె? ఏం చెయ్యను?"

నాకు తెలుసు. ఆ క్షణంలో నాకు అన్నీ తెలుసు. ఏ కవచం ఏ మనిషిని ఎక్కడికి తీసుకెళ్తుందో, బొందార్ ఎన్నిసార్లు చుట్టూ తిరుగుతాడో, తర్వాత ఏమంటాడో, అంతా పెళ్ళి తంతులా వరసగా తెలుసు. ఎడమ కాలు తిమ్మిరెక్కి ఉంది. ఇంకో మూడు రోజుల్లో నేను మళ్ళీ ఆ ఆరు కిలోమీటర్లు నడవాలి.

"కొట్టువాడు పాత లెక్కలు చెబుతున్నాడు కూమొ," అన్నాను. పెళ్ళిళ్ళలో వాడే గొంతు దానంతట అదే వచ్చేసింది. "మా ప్లటూన్‌లో అందరూ రెండోదే వేసుకుంటారు. వంటవాడు కూడా. మిరోన్ ఒక్కడే ఆ తాళ్ళ సంచితో తిరుగుతున్నాడు, అందరూ నవ్వుతున్నారు."

"నవ్వుతున్నారా?" ఆమె గొంతు మారింది.

"మరి? నీ పెళ్ళాం నీకు ఇంతేనా ఇచ్చింది అంటున్నారు."

ఆ మాట అవసరం లేదు. అయినా అన్నాను. చెయ్యి తిరిగినవాడికి ఎక్కడ నొక్కితే ఎక్కడ పలుకుతుందో తెలుస్తుంది.

మిగతా సలహా అంతా నిజాయితీగానే ఇచ్చాను. పలక పై అంచు గొంతు గుంట దగ్గర ఉండాలి, కింది అంచు బొడ్డుకు నాలుగు వేళ్ళ పైన ఆగాలి, ఉక్కు వద్దు, సిరామిక్ పలకలు తీసుకో, అతనికి పెద్ద సైజు పడుతుంది, నడికట్టు తుంటి ఎముక మీద కూర్చోవాలి కానీ కడుపు మీద కాదు. ఆమె అన్నీ కాగితం మీద రాసుకుంది. కొట్టువాడు ఇంకేదో అనబోతే, "మా కూమ్ అక్కడే ఉన్నాడు, ఆయనకి తెలీదా?" అని గదమాయించింది.

తొమ్మిదో రోజుకు, నేను ఇంకో విడత మోసి వెనక ఊరికి తిరిగొచ్చాక, పార్సెల్ వచ్చింది. మా దగ్గర పార్సెల్ ఎవడిదైనా అందరి ముందే విప్పాలి, పైన ఉన్న తిండి అందరిదీ. అప్పం, వెల్లుల్లి పట్టించిన పందికొవ్వు, తేనె సీసా. కింద కవచం. మిరోన్ చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు.

"వేసుకోరా, పెళ్ళికొడకా!" అని కుర్రాళ్ళు అరిచారు.

వేసుకున్నాడు. అతనికోసమే అచ్చు పోసినట్టు సరిపోయింది. నేను చెప్పిన కొలతలే మరి. సోలోమియాకు పంపడానికి ఎవడో ఫోటో తీశాడు. మిరోన్ నవ్వలేదు, కానీ నిటారుగా నిలబడ్డాడు.

బొందార్ వచ్చాడు. మూడుసార్లు చుట్టూ తిరిగాడు. నడికట్టులో వేలు దూర్చి గుంజాడు, వీపులో బద్దలు తట్టి చూశాడు.

"ఎవర్రా నీకిది కొన్నది?"

"మా ఆవిడ."

"మీ ఆవిడకి నీ మీదున్న ప్రేమ ప్రభుత్వానికి మా మీద లేదురా." తూటాల పెట్టెలు రెండు తెప్పించి ముందు తగిలించాడు. ఇంకో రెండు వెనక. "వంగు. లే. పడుకో. లే. పరిగెత్తు ఆ బావి దాకా."

మిరోన్ పడుకున్నాడు, లేచాడు, బావి దాకా పరిగెత్తి వచ్చాడు. కవచం ఒక వేలు కూడా జరగలేదు. బొందార్ మొహంలో వెలుగు చూడాలి, నచ్చిన గుర్రం దొరికిన రైతుకు కూడా అంత ఉండదు.

"యుఖీమ్, గన్ ఇచ్చెయ్యి వీడికి."

ఇచ్చాను. మిరోన్ రెండు చేతులా అందుకున్నాడు. అప్పుడొకసారి నా వైపు చూశాడు. నేను చప్పున అప్పం ముక్క ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాను. సంతోషం వేసిందా అని అడగండి. వేసింది. సిగ్గు లేకుండానే చెబుతున్నా. పీడ విరగడైందనుకున్నాను. బొందార్‌తో ఒక్క మాట అనొచ్చు, ఇతను లేకపోతే బండ్లెవరు బాగు చేస్తారని. బొందార్ వినేవాడు కాదు, కానీ అన్న తృప్తి ఉండేది. ఆ తృప్తి కూడా నాకు అక్కర్లేకపోయింది.

నాకు మిరోన్ బండి ఇచ్చారు, గంజి వండే పని ఇచ్చారు. రిపేర్లకు పక్క ప్లటూన్ మెకానిక్ వచ్చేవాడు. మూడు వారాలు నిప్పు పక్కన స్టూలు మీద కూర్చుని గోధుమ నూక ఉడికించాను. నడుము నొప్పి సగం తగ్గింది. రోజూ సాయంత్రం సోలోమియా మెసేజ్ పెట్టేది: "వేసుకుంటున్నాడా కూమె?" నేను జవాబిచ్చేవాణ్ణి: "విప్పడం లేదు కూమొ."

నాలుగో వారం మొదట్లో, పట్టపగలు, కందకం నుంచి కందకానికి మారుతుంటే డ్రోన్ వచ్చింది. అక్కడున్నవాళ్ళు నలుగురు. ముగ్గురు గోతిలోకి దూకారు. మిరోన్ ఒంటిమీద నలభై కిలోలున్నాయి. అతను వంగి, ఒక మోకాలు ఆనించి, రెండోది దించే లోపల అది పేలింది.

బండి తీసుకుని వెళ్ళింది నేనే. మోసుకొచ్చి వెనక పడుకోబెట్టారు. తొడల దగ్గర కట్లు బిగించి ఉన్నాయి, వాటి కింద ఏముందో నేను చూడలేదు. గతుకుల్లో గేర్ మారుస్తుంటే బండి కీచుమంది.

"కూమె," అన్నాడు వెనకనుంచి, తెల్లబడ్డ పెదాలతో. "క్లచ్ మెల్లిగా వదులు. పాడైపోద్ది."

రెండు కాళ్ళూ తీసేశారు. ఒకటి మోకాలి పైన, ఇంకొకటి తొడ మధ్యలో.

పన్నెండో రోజు నాకు సెలవు దొరికింది, ద్నీప్రో ఆసుపత్రికి వెళ్ళాను. వార్డులో ఆరు మంచాలు. సోలోమియా నన్ను చూడగానే లేచి పరిగెత్తుకొచ్చింది. నా మీద పడి కొడుతుందనుకున్నాను, నిజం చెప్పాలంటే అందుకు సిద్ధపడే వెళ్ళాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

"ఈయనే!" అంది వార్డంతా వినేట్టు. "మా కూమ్ ఈయనే. ఈయన చెప్పబట్టే కొన్నా. లేకపోతే ఆ కొట్టువాడి మాట విని పలచనిది తెచ్చేదాన్ని. డాక్టరు చూపించాడు కూమె, ఛాతీ పలకలో మూడు ముక్కలు దిగి ఉన్నాయి. మూడు! ఒకటైతే సరిగ్గా గుండె మీద. కాళ్ళు పోతే పోనీ, మనిషి మిగిలాడు. నువ్వు మిగిల్చావ్."

పక్క మంచం దగ్గరున్న ముసలామె నా వైపు గాల్లో శిలువ గుర్తు గీసి దీవించింది. నేను మిరోన్ వైపు చూశాను. అతను కప్పు వైపు చూస్తున్నాడు. దుప్పటి సగం నుంచి కిందికి చదునుగా ఉంది.

సోలోమియా నన్ను కూర్చోబెట్టి, తువ్వాలులో చుట్టిన గిన్నె విప్పింది. వారెనికీలు, అంటే బంగాళదుంప కూరిన పిండి కుడుములు, పైన వేయించిన ఉల్లి. ఇంటినుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. ఇంక భరించలేననిపించింది.

"కూమొ, నీకొక మాట చెప్పాలి," అన్నాను. "ఆ రోజు కొట్లో నేను..."

"సోలోమియా," అన్నాడు మిరోన్. "చల్లారిపోయినయ్ అవి. కింద వంటగదిలో వేడి చేసుకురా. కూమ్ దూరం నుంచొచ్చాడు."

ఆమె గిన్నె పట్టుకుని గబగబా వెళ్ళింది. మిరోన్ తల నా వైపు తిప్పాడు.

"ఏం చెబుదామని?"

"నిజం."

"ఎవరికోసం? నీ కోసమా?"

సోలోమియా వస్తోందేమోనని నేను తలుపు వైపు చూశాను.

"ఆ కొట్టువాడు ఏమన్నాడో, నువ్వేమన్నావో ఆ రోజే ఫోన్లో చెప్పింది నాకు. నవ్వుకుంటా చెప్పింది. వంటవాడు కూడా అదే వేసుకుంటాడంట కదా అంది. పార్సెల్ రాకముందే తెలుసు నాకు."

"తెలిసి ఎందుకు వేసుకున్నావ్?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"పందులమ్మి కొన్నది. రోజూ ఫోటో అడుగుతది. వేసుకోనంటే ఎందుకని అడగదూ? ఏం చెప్పను? నీ కూమ్ నన్ను అమ్మాడని చెప్పనా?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నీ నడుం సంగతి నాకు తెలీదా? ఆ రోజు నువ్వు బూటు కట్టుకోలేక కూలబడితే లేపింది నేనే. నన్ను అడగాల్సింది కూమె. ఒక్క మాట అడగాల్సింది. నేనే వెళ్ళి బొందార్‌ని అడిగి తీసుకునేవాణ్ణి గన్."

అతను తిడితే బాగుండేది. నేను తల వంచుకుని ఏడ్చాను. నేను ఆపేదాకా అతను ఆగాడు.

"అయిందా? ఇప్పుడు విను. తన చేత్తో కొన్న కవచమే నా కాళ్ళు తీసిందని దానికి తెలిస్తే బతకదు. దానికి తెలీకూడదు. నువ్వు చచ్చేదాకా తెలీకూడదు. చెప్పేసి నువ్వు తేలిక పడదామనుకుంటున్నావ్. పడనివ్వను. అది నీకు దణ్ణం పెడతది, నువ్వు పెట్టించుకుంటావ్. అది పిలిచినప్పుడల్లా వస్తావ్. దాని ఎదురుగా కూర్చుంటావ్. అది పెట్టింది తింటావ్."

"మిరోన్, నా వల్ల కాదు."

"పేరు పెట్టి పిలవకు," అన్నాడు. "నా కూతురి జ్ఞానతండ్రివి నువ్వు. కూమె అను."

"కూమె," అన్నాను.

తలుపు దగ్గర సోలోమియా అడుగుల చప్పుడైంది. గిన్నెలోంచి ఆవిరి వస్తోంది. పళ్ళెంలో వడ్డించి, పైన మీగడ వేసి, నా మోకాళ్ళ మీద పెట్టింది. నా కళ్ళు చూసి ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"ఏదో చెప్పాలన్నావ్ కూమె. కొట్లో ఏంటి?"

మిరోన్ నన్నే చూస్తున్నాడు. అతని మొహంలో కోపం లేదు, జాలి లేదు. బండి ఇంజను వినేటప్పుడు అలా చూసేవాడు, ఎక్కడ తప్పు పలుకుతుందా అని.

"ఆ రోజు కొట్లో నువ్వు భలే మంచిది ఎంచావ్ కూమొ," అన్నాను. "అదే చెబుదామని."

ఆమె గిన్నె చుట్టిన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది. "జ్లాతా రోజూ ప్రార్థనలో నాన్న పేరు తర్వాత నీ పేరే చెబుతోంది. నేనేం నేర్పలేదు, దానంతటదే. తిను, తిను, చల్లారిపోతాయ్."

తిన్నాను. ఒక్కొక్కటీ నమిలి మింగాను. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా మిరోన్ చూపు తిప్పలేదు.

"ఇంకొన్ని పెట్టు సోలోమియా," అన్నాడు. "మన కూమ్‌కి మొహమాటం ఎక్కువ."

ఆమె సంతోషంగా గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ వడ్డించింది.